ఇంట్లో స్నేహితులకి చీజ్ ఫాండ్యూ: సెట్ కొనేటట్లయితే బరువైన గిన్నె ఉన్నదే కొనండి

ఫాండ్యూ అంటే వైన్‌లో కరిగించిన చీజ్‌ని బల్ల మధ్యలో వేడిగా ఉంచి, అందరూ పొడవాటి ఫోర్కులతో రొట్టె (బ్రెడ్) ముక్కలు ముంచుకుని తినే స్విస్ వంటకం. ముందే చెప్పేస్తాను. ఎనామెల్ పూత ఉన్న కాస్ట్ ఐరన్ గిన్నె, మంట పెంచి తగ్గించుకునే స్పిరిట్ బర్నర్, ఒక స్టాండు, ఆరు పొడవాటి ఫోర్కులు, ఇవన్నీ కలిపి వచ్చే ఫాండ్యూ సెట్ నా దగ్గర ఉంది. స్నేహితులు నలుగురూ చేరిన ప్రతిసారీ బల్ల మధ్యలోకి అదే వస్తుంది, కొనాలా వద్దా అని ఎవరడిగినా కొనమనే చెప్తాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా సెట్లు చాలా కంపెనీలు చేస్తున్నాయి, వాటి మధ్య తేడా అంతా గిన్నె అడుగు మందంలో, బర్నర్ మూత తీరులో ఉంటుంది కాబట్టి ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తాను. చీజ్ గురించి కూడా రాయక తప్పదు, సెట్ ఎంత మంచిదైనా లోపల చీజ్ విరిగిపోతే ఆ సాయంత్రం పాడైనట్టే.

చాలా రివ్యూల్లో "చీజ్ ఎంత బాగా కరిగిందో" అని సెట్‌ని మెచ్చుకుంటూ రాస్తారు. నేను ఆ మెప్పుని లెక్కలోకి తీసుకోను. చీజ్ కరిగించాల్సింది వంటగదిలో, పొయ్యి మీద, గరిటె పట్టుకుని దగ్గరుండి. బల్ల మీది చిన్న బర్నర్‌కి అంత వేడి ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. సెట్ చేయాల్సిన పని వేరే. అందరూ కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా తింటున్న ఆ గంట, గంటన్నర సేపూ చీజ్ గట్టిపడకుండా, అడుగు మాడకుండా, నూనె తేలకుండా చూసుకోవాలి. మొదటి పది నిమిషాలు ఏ గిన్నెలోనైనా ఫాండ్యూ బాగానే ఉంటుంది. నలభై నిమిషాలయ్యాక గిన్నెలోకి తొంగి చూడండి, సెట్ మంచిదో కాదో అప్పుడు తెలుస్తుంది.

ఈ లెక్కన చూస్తే పల్చటి స్టీల్ గిన్నె ఉన్న సెట్లు చీజ్‌కి పనికిరావు. అవి నిజానికి నూనె కాచి అందులో మాంసం ముక్కలు వేయించుకునే రకం ఫాండ్యూ కోసం చేసినవి, అందుకే లోతుగా ఉండి మూతి దగ్గర కాస్త సన్నబడతాయి. వేడి నూనె తనంతట తానే లోపల పైకీ కిందకీ తిరుగుతుంది, అడుగు పల్చగా ఉన్నా ఇబ్బంది లేదు. చీజ్ అలా తిరగదు, చిక్కగా ఉన్నచోటే కూర్చుంటుంది, మంట నేరుగా తగిలే చోట మాడుతుంది, అదే సమయంలో అంచుల దగ్గర చల్లారి పొర కడుతుంది. ఒకసారి ఒక స్నేహితురాలు తన స్టీల్ సెట్ కూడా తెచ్చింది, ఒకే చీజ్ మిశ్రమాన్ని రెండు గిన్నెల్లో పోసి రెండూ ఒకే బల్ల మీద పెట్టాం. స్టీల్ గిన్నె నుంచి మాడు వాసన మొదలయ్యేసరికి కాస్ట్ ఐరన్‌లో ఇంకా మెత్తగా తీగలు సాగుతూనే ఉంది. ఆ తర్వాత అందరి చేతులూ ఒకే గిన్నె వైపు వెళ్లాయి, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

స్విట్జర్లాండ్‌లో ఈ గిన్నెని కాక్లోన్ అంటారు. పాత పద్ధతిలో అది మట్టితో చేసి మెరుగు పూసిన గిన్నె, వెడల్పుగా, లోతు తక్కువగా, పక్కకి ఒక్కటే లావుపాటి పిడితో ఉంటుంది. సెరామిక్ గిన్నెలు ఇప్పటికీ బాగా దొరుకుతాయి, వేడి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి చీజ్‌కి చక్కగా సరిపోతాయి, చూడ్డానికీ అందంగా ఉంటాయి. కానీ రెండు ఇబ్బందులున్నాయి. ఇండక్షన్ స్టవ్ మీద మామూలు సెరామిక్ వేడెక్కదు, అంటే చీజ్ వేరే గిన్నెలో కరిగించి ఇందులోకి పోసుకోవాలి. వేడిగా ఉన్న గిన్నెకి చన్నీళ్లు తగిలినా, చల్లటి గిన్నెని ఒక్కసారిగా పెద్ద మంట మీద పెట్టినా పగిలే ప్రమాదం ఉంది. ఎనామెల్ పూసిన కాస్ట్ ఐరన్‌కి ఆ ఇండక్షన్ బాధ లేదు, పొయ్యి మీద కరిగించి అదే గిన్నెని నేరుగా బల్ల మీదకి తెచ్చుకోవచ్చు, నేను దీన్ని ఇష్టపడటానికి సగం కారణం అదే. లోపలి పూత లేత రంగులో ఉంటే ఇంకా మంచిది, అడుగు గోధుమరంగులోకి తిరగడం మొదలవగానే కంటికి కనబడుతుంది. బరువు మాత్రం బాగా ఎక్కువ. నిండు గిన్నెని ఒంటి చేత్తో, ఒకే పిడి పట్టుకుని వంటగది నుంచి తేవడం అంత తేలిక కాదు, రెండో చేతికి మందపాటి గుడ్డ తప్పనిసరి, పిల్లలు తిరుగుతున్న ఇల్లయితే ముందు దారి ఖాళీ చేయించి అప్పుడు గిన్నె ఎత్తండి.

కరెంటు మీద నడిచే ఫాండ్యూ పాట్ల గురించి కూడా అడుగుతుంటారు. థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి వేడి ఒకేలా ఉంటుంది, మంట భయం లేదు, చిన్నపిల్లలున్న ఇంట్లో నేను వాటినే చెప్తాను. కానీ వైరు బల్ల మీదుగా కిందకి వేలాడుతుంటే ఎవరి కాలికో తగులుతుందేమోనని సాయంత్రమంతా ఒక టెన్షన్. సులువుగా ఊడిపోయే మాగ్నెట్ వైరు ఉన్న మోడల్ అయితేనే తీసుకోండి.

ఇక బర్నర్. నాది స్పిరిట్‌తో వెలిగేది, లోపల స్పిరిట్ పీల్చుకునే దూది లాంటి పదార్థం, దాని మీద సన్న జాలీ, ఆ పైన పక్కకి జరిపే మూత. మూత పూర్తిగా తీస్తే పెద్ద మంట, సగం మూస్తే చిన్న మంట, చీజ్‌కి దాదాపు ఎప్పుడూ మూడొంతులు మూసే ఉంచాలి. ఈ మూత సాఫీగా జరగాలి, మంట మీద ఉన్నప్పుడు కూడా ఒక చెంచా కాడతో జరపగలగాలి. చవకరకం సెట్లలో మూత అసలు ఉండదు, లేదా తెరువు మూయి తప్ప మధ్యలో ఆగదు. అలాంటి బర్నర్ మీద కాస్ట్ ఐరన్ గిన్నె పెట్టినా అడుగు మాడుతుంది. డబ్బాల్లో వచ్చే జెల్ ఇంధనం కూడా వాడొచ్చు, ఒలికినా స్పిరిట్‌లాగా పారదు కాబట్టి కాస్త నయం, కానీ మీ బర్నర్ కొలతకి ఆ డబ్బా సరిపోవాలి.

ఇక్కడ ఒక్క విషయం దయచేసి గట్టిగా గుర్తు పెట్టుకోండి. బర్నర్ వెలుగుతుండగా కానీ, ఆరిపోయిందనుకుని వేడి తగ్గకుండా కానీ అందులో స్పిరిట్ పోయకూడదు. స్పిరిట్ మంట పల్చటి నీలం రంగులో ఉంటుంది, వెలుతురున్న గదిలో దాదాపు కనబడదు. సీసాతో వంచుతుంటే లోపలి ఆవిరి అంటుకుని మంట సీసాలోకి పాకుతుంది, అక్కణ్ణుంచి ఎదురుగా కూర్చున్న మనిషి మీదకి చిమ్ముతుంది. ఫాండ్యూ బల్ల దగ్గర జరిగే ఘోరమైన ప్రమాదాలు ఇలాంటివే. మధ్యలో ఇంధనం అయిపోతే గిన్నెని వంటగదిలోకి తీసుకెళ్లి పొయ్యి మీద సిమ్‌లో పెట్టుకోండి, బర్నర్‌ని పూర్తిగా చల్లారనివ్వండి, సీసా మూత బిగించి దూరంగా పెట్టాకే వెలిగించండి. స్టాండు కింద ఒక లోహపు పళ్లెం కూడా ఉండాలి, నా సెట్‌తో ఒక చిన్న పళ్లెం వచ్చింది, చిన్నదంటే నిజంగానే చిన్నది, బర్నర్ కిందకి సరిపోతుంది తప్ప గిన్నె నుంచి కారే చీజ్‌కి సరిపోదు. నేను ఒక పెద్ద ట్రేలో మొత్తం పెట్టేస్తాను.

పెట్టె మీద "ఆరుగురికి" అని రాసి ఉంటుంది, ఆ మాట పూర్తిగా నమ్మకండి. ఫాండ్యూ ఒక్కటే భోజనం అనుకుంటే మనిషికి 200 గ్రాముల చీజ్, ఆ లెక్కకి రొట్టె కూడా అంతే లేదా కొంచెం ఎక్కువ పడుతుంది. నలుగురికి 800 గ్రాముల చీజ్, దానికి 350 మిల్లీలీటర్ల వైన్, రెండు లీటర్ల గిన్నెలో ఇది హాయిగా ఇమిడి కలపడానికి చోటు మిగులుతుంది. ఆరుగురికి పోస్తే అంచు దాకా వచ్చేస్తుంది, ఫోర్కు ముంచగానే పక్కలకి కారుతుంది. ఆరుగురిని, అంతకు మించి పిలిస్తే రెండు గిన్నెలు పెట్టుకోండి. అన్నింటికంటే ముఖ్యంగా అందరి చేతులూ గిన్నెకి అందాలి, పొడుగు బల్ల చివర కూర్చున్నవాళ్లు ప్రతి ముక్కకీ లేచి వంగాల్సి వస్తే రెండు ముక్కలు తిని ఊరుకుంటారు. గుండ్రటి బల్ల ఉంటే అదృష్టం, లేకపోతే నేల మీద చాప వేసి చుట్టూ కూర్చోవడం కూడా బానే ఉంటుంది, అప్పుడు మంట దగ్గర ఇంకాస్త జాగ్రత్త.

ఫోర్కుల చివర రంగురంగుల గుర్తులుంటాయి, ఎవరి ఫోర్కు ఎవరిదో తెలియడానికి. నా సెట్‌లో ఆ రంగులు కొన్నాళ్లకే వెలిసిపోయాయి, ఇప్పుడు ఆకుపచ్చా నీలమూ ఒకేలా కనబడుతున్నాయి, ఇంత బరువైన మంచి గిన్నె చేసినవాళ్లు ఆ చిన్న రంగు దగ్గర ఎందుకు పొదుపు చేశారో అనిపిస్తుంది. ఫోర్కు మొనల్లో చిన్న ములుకులు ఉన్నాయో లేదో చూడండి, అవి ఉంటే రొట్టె ముక్క జారదు. ఇంకో మాట, ఫోర్కు నేరుగా నోట్లో పెట్టుకోవద్దు. ఆ మొన చాలాసేపు వేడిగా ఉంటుంది, పైగా అదే మళ్లీ అందరి గిన్నెలోకి వెళ్లాలి. ముక్కని పళ్లతో సుతారంగా లాక్కోవచ్చు, లేదా ప్లేటులోకి దించుకుని మామూలు ఫోర్కుతో తినొచ్చు.

సరే, చీజ్. స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్ పద్ధతిలో గ్రుయెర్ సగం, వాష్రాన్ ఫ్రిబూర్జ్వా సగం వేస్తారు, న్యూషటెల్ పద్ధతిలో గ్రుయెర్, ఎమెంటాల్ కలుపుతారు. సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లోని సావోయ్‌లో కోంతే, బోఫోర్, ఎమెంటాల్ లాంటి చీజ్‌లు వేస్తారు. నాకు సగం సగం పద్ధతే ఎక్కువ ఇష్టం, గ్రుయెర్ ఘాటూ, వాష్రాన్ వెన్నలాంటి మెత్తదనమూ ఒకదానికొకటి సరిగ్గా అతుకుతాయి. కానీ ఫలానా చీజే ఉండాలని పట్టుబట్టేవాళ్ల మాట విని భయపడకండి. వైన్‌లో చీజ్ వండే వంటకం 1699 నాటి జ్యూరిక్ వంట పుస్తకంలోనే ఉంది, దాన్ని దేశమంతటి జాతీయ వంటకంగా నిలబెట్టింది మాత్రం 1930ల్లో స్విస్ చీజ్ యూనియన్ చేసిన ప్రచారం, చీజ్ అమ్మకాలు పెంచుకోవడానికి. 1999లో ఆ యూనియన్ మూతపడింది, ఫాండ్యూ మాత్రం ఉండిపోయింది. కాబట్టి మీకు దొరికే చీజ్‌లతో చేసుకోండి, ఒక్కటే గమనించండి: కొంచెం లేతది ఒకటి, బాగా మాగింది ఒకటి ఉండాలి. లేత చీజ్ సాఫీగా కరుగుతుంది, మాగిన చీజ్ రుచినిస్తుంది. మొత్తం మాగినదే వేస్తే ఇసుకలాగా పలుకులు తేలి నూనె విడుతుంది. మొత్తం మొజారెల్లా వేస్తే రబ్బరు తీగలే మిగులుతాయి, రుచి ఉండదు.

ప్యాకెట్లో తురిమి వచ్చే చీజ్ వద్దు. ముక్కలు అతుక్కోకుండా దానికి పొడి పూస్తారు, కరిగాక అది నున్నగా రాదు. చీజ్ ముద్ద కొని అప్పటికప్పుడు తురుముకోండి, చేతులు నొప్పెడతాయి, స్నేహితుల్లో ముందొచ్చిన ఒకరికి ఆ పని అప్పగించండి. రెడీమేడ్ ఫాండ్యూ పౌచ్‌లు కూడా దొరుకుతాయి, చీజ్, వైన్, పిండి అన్నీ కలిపేసినవి, వేడి చేయడమే. అవి విరగవు, ఆ ఒక్క విషయంలో నమ్మకస్తులు. రుచి మాత్రం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది, ఇంట్లో రెండు మూడు చీజ్‌లు కలిపి చేసినదానికి దగ్గరికి కూడా రాదు. వారం మధ్యలో అలసిపోయిన రాత్రికి పర్వాలేదు, స్నేహితుల్ని పిలిచి మాత్రం అది పెట్టకండి.

చేసే విధానం పెద్ద కష్టమేమీ కాదు. వెల్లుల్లి రెబ్బని సగానికి కోసి గిన్నె లోపలంతా రుద్దాలి. పుల్లగా, తీపి లేకుండా ఉండే వైట్ వైన్ పోసి వేడెక్కనివ్వాలి. తురుముకి ఒక పెద్ద చెంచా నిండుగా కార్న్‌ఫ్లోర్ పట్టించి గుప్పెడు గుప్పెడుగా వేయాలి, ఒక గుప్పెడు కరిగాకే ఇంకో గుప్పెడు. గరిటెని గుండ్రంగా తిప్పకుండా ఎనిమిది అంకె రాస్తున్నట్టు తిప్పితే గిన్నె మధ్యలో కూడా కదులుతుంది. చెంచాడు నిమ్మరసం, చివర్లో మిరియాల పొడి, చిటికెడు జాజికాయ పొడి, ఇష్టమైతే కిర్ష్ అనే చెర్రీ మద్యం ఒక చిన్న గ్లాసు. అంచుల్లో ఒకటీ అరా బుడగ రావచ్చు, తెర్లనివ్వకూడదు. కొందరు ఆఖర్న చిటికెడు వంట సోడా వేస్తారు, పులుపుతో కలిసి నురగ వచ్చి ఫాండ్యూ తేలికవుతుంది, నాకైతే అది నచ్చింది.

ఈ వైన్, నిమ్మరసం, కార్న్‌ఫ్లోర్ ఎందుకో తెలిస్తే ఫాండ్యూ విరిగినా కంగారు ఉండదు. చీజ్‌లో ప్రోటీన్‌ని ఒకదానికొకటి కట్టి ఉంచేది కాల్షియం. వైన్‌లోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం ఆ కాల్షియాన్ని తమవైపు లాక్కుంటాయి, కట్లు వదులై ప్రోటీన్ విడివిడిగా పరుచుకుంటుంది. కార్న్‌ఫ్లోర్ చిక్కదనం ఇచ్చి, కొవ్వు చుక్కలు ఒకటిగా చేరి పైకి తేలకుండా, ప్రోటీన్ ఉండకట్టకుండా అడ్డం పడుతుంది. ఈ రెండూ లేకుండా నీళ్లలో మామూలుగా చీజ్ కరిగిస్తే కింద రబ్బరు ముద్ద, పైన నూనె, మధ్యలో నీళ్లు. వేడి ఎక్కువైనా అదే జరుగుతుంది, ప్రోటీన్ బిగుసుకుపోయి లోపలి కొవ్వుని బయటికి పిండేస్తుంది. అందుకే నేను బర్నర్ మూత గురించి అంత గోల పెట్టింది.

అందుకని నూనె తేలడం మొదలైతే గిన్నెని మళ్లీ పొయ్యి మీదకి తెచ్చి, చెంచాడు కార్న్‌ఫ్లోర్‌ని కొంచెం నిమ్మరసంలో కలిపి పోసి, విస్క్‌తో బలంగా చిలకండి, దాదాపు ఎప్పుడూ కలిసిపోతుంది. మరీ చిక్కబడితే వేడి చేసిన వైన్ కొంచెం కొంచెంగా, చల్లటిది పోస్తే చీజ్ బిగుసుకుంటుంది. పల్చబడితే ఇంకో గుప్పెడు తురుము. బల్ల మీద ఉన్నంతసేపూ రొట్టె ముంచే ప్రతివాళ్లూ అడుగు దాకా ఒకసారి కలిపి తీయాలి, నేను కూర్చోగానే అందరికీ ఇది చెప్పేస్తాను, వాళ్ల ముంచడమే మన కలపడం.

మద్యం వద్దనుకునే స్నేహితులుంటే వాళ్లకి నిజం చెప్పాలి, వైన్‌లోని ఆల్కహాల్ అంతా ఆ కొద్ది వేడికి ఆవిరైపోదు. వాళ్లకోసం వైన్ బదులు వెజిటబుల్ స్టాక్ పోసి నిమ్మరసం పెంచండి, తీపి కలపని ఆపిల్ రసం కూడా వాడొచ్చు, కొంచెం తియ్యగా వస్తుంది. ఇంకా గట్టి మార్గం సోడియం సిట్రేట్ అనే సిట్రిక్ ఆమ్లపు లవణం, 400 గ్రాముల చీజ్‌కి 10 నుంచి 12 గ్రాములు నీళ్లలో కరిగించి అందులో చీజ్ వేస్తే కార్న్‌ఫ్లోర్ కూడా అక్కర్లేదు, అద్దంలా నున్నగా వస్తుంది. ఇటలీలోని ఆవోస్తా లోయ వైపు చేసే ఫోందూతాలో అసలు వైన్ ఉండదు, ఫోంతీనా చీజ్‌ని పాలలో నానబెట్టి వెన్న, గుడ్డు పచ్చసొనలతో చేస్తారు, అదీ ఇదే గిన్నెలో చక్కగా కుదురుతుంది. వాష్రాన్ ఒక్కదానితో చేసే ఫాండ్యూకి కూడా వైన్ బదులు నీళ్లే పోస్తారు, కాకపోతే చాలా తక్కువ వేడి మీద ఉంచాలి.

శాకాహారులని పిలిస్తే ఇంకో సంగతి. గ్రుయెర్ ఏఓపీ ముద్ర (ఆ ప్రాంతంలో, అక్కడి నియమాల ప్రకారమే చేసిందని తెలిపే గుర్తు) ఉన్న చీజ్‌ని దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరిచి చేస్తారు, నియమమే అది. పాలతో చేసిందే కదా అని పెట్టేయకండి, వాళ్లని ముందే అడగండి. మైక్రోబియల్ రెన్నెట్ (జంతువుల నుంచి కాక సూక్ష్మజీవుల నుంచి తీసినది) అని లేబుల్ మీద రాసి ఉన్న చీజ్‌లు దొరుకుతాయి, ఎమెంటాల్ తరహావి కూడా. ఒకే గిన్నెలో అందరూ ముంచుతారు కాబట్టి, ఒక్క శాకాహారి ఉన్నా నేను మొత్తం వాటితోనే చేస్తాను.

ముంచుకోవడానికి నిన్నటి రొట్టె కావాలి, గట్టి తొక్క ఉన్నది. ప్రతి ముక్కకీ ఒక పక్క తొక్క ఉండేలా కోయండి, ఫోర్కుని మెత్తటి వైపు నుంచి గుచ్చి తొక్కలోకి దించాలి, అప్పుడు గిన్నెలో రాలిపోదు. రొట్టె ముక్క గిన్నెలో పారేసుకున్నవాళ్లకి ఏదో ఒక శిక్ష వేయడం స్విస్ వాళ్ల అలవాటు, గిన్నెలు కడగడమో, తర్వాతి సీసా కొనివ్వడమో. మా గుంపులో గిన్నెలు కడగడమే. రొట్టె ఒక్కటే ఉంటే త్వరగా మొహం మొత్తుతుంది. ఉడికించిన చిన్న బంగాళదుంపలు, సగం ఉడికిన కాలీఫ్లవర్, బ్రకోలీ, వేయించిన పుట్టగొడుగులు, ఆపిల్, పియర్ ముక్కలు పెట్టండి. కూరగాయలు ఉడికించాక గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి, తడి ఉంటే చీజ్ పట్టదు, గిన్నె పల్చబడుతుంది. వెనిగర్‌లో ఊరిన చిన్న దోసకాయలు, చిన్న ఉల్లిపాయలు మాత్రం తప్పకుండా ఉండాలి, ఆ పులుపు లేకపోతే నాలుగో ముక్క దగ్గరే ఆగిపోతాం. పియర్ ముక్క మీద మిరియాల పొడి చల్లి ముంచి చూడండి, రొట్టె పక్కకి పెట్టేస్తారు.

ఫాండ్యూతో చన్నీళ్లు తాగితే కడుపులో చీజ్ ముద్దకడుతుందని, వైన్ తాగితే అరుగుతుందని ఒక నమ్మకం ఉంది. జ్యూరిక్ పరిశోధకులు 20 మంది మీద దీన్ని పరీక్షించారు, 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫాండ్యూతో కొందరికి వైట్ వైన్, కొందరికి బ్లాక్ టీ ఇచ్చి చూస్తే, మద్యం తాగినప్పుడే కడుపు ఖాళీ అవడానికి ఎక్కువసేపు పట్టింది, కాకపోతే అజీర్తి బాధ మాత్రం పెరగలేదు. నేను బల్ల మీద వేడి బ్లాక్ టీ పెడతాను, అంత కొవ్వు తిన్నాక గొంతుకి అదే హాయి, వైన్ కావాలన్నవాళ్లు వైన్ తాగుతారు.

చివర్లో గిన్నె అడుగున పల్చటి పొర అంటుకుని ఉంటుంది. అది మాడు కాదు, బంగారు రంగులో కరకరలాడే చీజ్, స్విట్జర్లాండ్‌లో దాన్ని రెలిజ్యూజ్ అంటారు, దానికోసమే చివరిదాకా కూర్చునేవాళ్లున్నారు. బర్నర్ మంట చిన్నగా ఉంచి ఇంకో నిమిషం ఆగి, చెక్క గరిటెతో అంచు నుంచి లేపితే మొత్తం పలకలాగా ఊడొస్తుంది. నా గిన్నెకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే, పొర అంతటా ఒకే రంగులో వస్తుంది, మధ్యలో నల్లమచ్చ ఉండదు. ఎనామెల్ మీద లోహపు చెంచాతో మాత్రం గీకకండి, పూత గీతలు పడితే తర్వాతిసారి అక్కడే అంటుకుంటుంది. కడగడానికి ముందు చన్నీళ్లు పోసి నానబెట్టండి, వేడినీళ్లకి చీజ్ మళ్లీ మెత్తబడి పీచుకి జిగురులా పట్టుకుంటుంది. గిన్నె చల్లారాకే సుమా. వాసన ఒక రోజు ఇంట్లో ఉంటుంది, కిటికీలు తీసి పెట్టుకోండి.

నెలకోసారైనా ముగ్గురు నలుగురు చేరే ఇల్లయితే ఈ రకం సెట్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు, ఫాండ్యూ లేని రోజుల్లో అదే గిన్నెలో సాస్‌లు, చాక్లెట్ కరిగించుకోవచ్చు. ఇద్దరే ఉండి ఎప్పుడో ఒకసారి తినేవాళ్లయితే కొనకండి, ఇంట్లో ఉన్న మందపాటి చిన్న గిన్నెలో చేసి, చల్లబడినప్పుడల్లా పొయ్యి మీదకి తీసుకెళ్తే సరిపోతుంది. కొనేవాళ్లు షాపులో గిన్నెని చేత్తో ఎత్తి చూడండి, బర్నర్ మూత సగంలో ఆగుతుందో లేదో జరిపి చూడండి, స్టాండు మీద గిన్నె పెట్టి కొంచెం తోసి చూడండి, ఊగితే వదిలేయండి. బర్నర్ విడిగా దొరుకుతుందా అని కూడా అడగండి, గిన్నె ఏళ్ల తరబడి ఉంటుంది, ముందు పాడయ్యేది బర్నర్ లోపలి దూదే, నా సెట్‌కి అది విడిగా దొరక్క కొలతలు పట్టుకుని వేరే కంపెనీది వెతుక్కోవాల్సి వచ్చింది.